సర్పెంటైన్ నేలలో బతికే చిన్న అవిసె: మారిన్ ఫ్లాక్స్ ఎందుకంత అరుదు?

అవిసె గింజల పొడి ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో ఉంటుంది. ఆ గింజలిచ్చే మొక్క నడుము ఎత్తుకు పెరుగుతుంది, లేత నీలం పూలు పూస్తుంది. గింజ నుంచి నూనె, కాండం నుంచి నార వస్తాయి. వృక్షశాస్త్రంలో దాని పేరు లైనమ్ యుసిటాటిసిమమ్, దాని కుటుంబం లైనేసీ. మనుషులు వేల ఏళ్లుగా సాగు చేస్తున్నారు కాబట్టి ఆ కుటుంబం అనగానే అందరికీ అదొక్కటే గుర్తొస్తుంది. ఈ వ్యాసం మాత్రం అదే కుటుంబంలోని ఇంకో మొక్క గురించి. దాన్ని ఎవరూ సాగు చేయరు. దాని నుంచి నార తీయరు, నూనె పిండరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం పక్కనున్న మూడే మూడు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి), అదీ సర్పెంటైన్ అనే ఒకే రకం రాయి మీద ఏర్పడిన నేలలో మాత్రమే అది మొలుస్తుంది.

దాని శాస్త్రీయ నామం హెస్పెరోలైనాన్ కంజెస్టమ్. అక్కడివాళ్లు మారిన్ వెస్టర్న్ ఫ్లాక్స్ అనో, మారిన్ డ్వార్ఫ్ ఫ్లాక్స్ అనో అంటారు. మనం మారిన్ ఫ్లాక్స్ అనుకుందాం. మారిన్, శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ మటేయో అనేవి ఆ మూడు కౌంటీలు. 1995 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

ఈ మొక్క గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు రెండు చోట్ల తడబడతారు. మొదటిది, గుర్తుపట్టడం. దీనికి పన్నెండు సోదర జాతులున్నాయి, అన్నీ సన్నగా, బక్కగా, దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. రెండోది, నేల. నిస్సారమైన, లోహాలు నిండిన నేలంటే ఈ మొక్కకు ఇష్టమని చాలాచోట్ల రాస్తుంటారు. నా దృష్టిలో ఆ ‘ఇష్టం’ అనే మాట దగ్గరే అర్థం దారి తప్పుతుంది. దాన్ని సరిగ్గా విప్పి చూడకపోతే ఈ మొక్కకు ఏం ముంచుకొచ్చిందో కూడా అర్థం కాదు. అందుకని ముందు మొక్కను చూసి, తర్వాత నేల దగ్గరికి వద్దాం.

చిన్న పువ్వులో ఏం చూడాలి

మారిన్ ఫ్లాక్స్ ఏకవార్షికం. చలికాలపు వానలకు మొలిచి, వసంతంలో పెరిగి, ఎండాకాలం మొదట్లో పూసి, గింజ కట్టి, చచ్చిపోతుంది. మళ్లీ వానలు వచ్చేదాకా గింజ రూపంలోనే ఉంటుంది. కాలిఫోర్నియా తీరంలో వానలు చలికాలంలోనే కురుస్తాయి, ఎండాకాలమంతా పొడి. మన నైరుతి రుతుపవనాల లెక్కకు ఇది పూర్తిగా ఎదురు. ఎండాకాలాన్ని మొక్కగా తట్టుకోవాలంటే లోతైన వేరు కావాలి, లేదా నీరు దాచుకునే కాండం కావాలి. ఈ మొక్కకు రెండూ లేవు. గింజగా మారి ఆ నెలలను దాటేయడమే దీని పద్ధతి.

ఎత్తు 5 నుంచి 40 సెంటీమీటర్ల వరకు ఉండొచ్చు. నేల బాగా పలచగా ఉన్నచోట వేలెడంత మొక్క కూడా రెండు పూలు పూసి తన పని ముగించుకుంటుంది. కాండం కుట్టుదారమంత సన్నం. ఆకులు గీతల్లా ఉంటాయి, కణుపుకు ఒకటి చొప్పున అటూ ఇటూ పుడతాయి. పూత సమయానికి కింది ఆకులు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. చుట్టూ గడ్డి కూడా అప్పటికి పసుపు తిరుగుతూ ఉంటుంది కాబట్టి, కళ్లముందున్నా కనిపించని మొక్క ఇది. దీన్ని చూడాలనుకుంటే నిలబడి చూస్తే లాభం లేదు, మోకాళ్ల మీద కూర్చోవాలి. చేతిలో 10 రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఉంటే ఇంకా మంచిది.

అప్పుడు పువ్వు కనిపిస్తుంది. గులాబీ రంగు నుంచి తెలుపు దాకా ఉండే ఐదు పూరేకులు, ఒక్కొక్కటి సెంటీమీటరు కంటే చిన్నది. మొగ్గలో అవి ఒకదాని అంచు మీద ఒకటి తిప్పి చుట్టినట్టు ఉంటాయి. ఇది కుటుంబ లక్షణం, అవిసె మొగ్గలోనూ ఇలాగే ఉంటుంది. ఐదు రక్షక పత్రాలు, ఐదు కేసరాలు. పూరేకు లోపలి వైపు, అడుగున, మూడు అతి చిన్న పొలుసులుంటాయి. భూతద్దం లేకుండా వాటిని చూడటం దాదాపు అసాధ్యం, కానీ హెస్పెరోలైనాన్ ప్రజాతిని, అంటే ఈ దగ్గరి జాతుల గుంపును, పట్టించే గుర్తుల్లో ఇదొకటి.

అసలు గుర్తు పువ్వు మధ్యలో ఉంది. అవిసె పువ్వును చూస్తే అండాశయం మీద ఐదు కీలాలు, అంటే సన్నటి కాడలు, లేచి ఉంటాయి. అండాశయంలో ఐదు ఫలదళాలు, అంటే గింజలు కట్టే భాగాలు. ప్రతి ఫలదళాన్నీ ఒక అదనపు గోడ రెండుగా చీలుస్తుంది, అలా పది గదులు, గదికో గింజ, మొత్తం పది గింజలు. అవిసె కాయను చిదిపి చూసినవాళ్లకు ఈ లెక్క తెలిసే ఉంటుంది. హెస్పెరోలైనాన్‌లో కీలాలు మూడు లేదా రెండు మాత్రమే. మూడు కీలాలుంటే మూడు ఫలదళాలు, ఆరు గదులు, ఆరు గింజలు. రెండుంటే నాలుగు గదులు, నాలుగు గింజలు. అంటే పువ్వు బయటి భాగమంతా ఐదేసి లెక్కనే పట్టుకుని ఉంది. లోపలి భాగం మాత్రం తగ్గిపోయింది. మారిన్ ఫ్లాక్స్‌లో కీలాలు మూడు. హెస్పెరోలైనాన్ బైకార్పెల్లేటమ్ అనే సోదర జాతిలో రెండే.

ఈ తగ్గింపు లైనేసీ కుటుంబంలో ఇక్కడొక్కచోటే జరిగింది కాదు. ఐరోపా తడి ఇసుక నేలల్లో రేడియోలా లైనాయిడిస్ అనే మొక్క ఉంది, దాని ఎత్తు కొన్ని సెంటీమీటర్లే. అందులో రక్షక పత్రాలు, పూరేకులు, కేసరాలు, కీలాలు అన్నీ నాలుగేసి. ఇక మన దక్కనులో లైనమ్ మైసూరెన్స్ అనే పసుపు పూల చిన్న ఏకవార్షికం ఉంది. అది లైనమ్ ప్రజాతిదే కాబట్టి అందులో కీలాలు ఐదే. కుటుంబం ఒకటే అయినా చిన్న ఏకవార్షికాలుగా మారిన దారులు వేరువేరు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు చాలా ఇష్టమైన పని, ఎందుకంటే కుటుంబ లక్షణాలు అనేవి ఎక్కడ గట్టిగా నిలుస్తాయో, ఎక్కడ సడలుతాయో అప్పుడే తెలుస్తుంది.

ప్రజాతి తెలిశాక జాతిని తేల్చుకోవాలి, అదే కష్టం. మారిన్ ఫ్లాక్స్‌కు మూడు విషయాలు కలిపి చూడాలి. రక్షక పత్రాల మీద సన్నటి నూగు ఉంటుంది. పరాగకోశాలు ముదురు గులాబీ నుంచి ఊదా రంగులో ఉంటాయి. పూల కాడలు పొట్టిగా ఉండటం వల్ల పూలు కొమ్మల చివర గుంపుగా కనిపిస్తాయి. దీనికి బాగా దగ్గరగా ఉండే హెస్పెరోలైనాన్ కాలిఫోర్నికమ్‌లో రక్షక పత్రాల మీద బయటివైపు నూగు ఉండదు. హెస్పెరోలైనాన్ మైక్రాంథమ్ పూలు మరీ చిన్నవి, పూరేకు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, కాడలు పొడుగు, పూలు విడివిడిగా ఉంటాయి. ఏదో ఒక గుర్తును పట్టుకుని తేల్చేస్తే తప్పు జరుగుతుంది. రంగు మీద అసలే ఆధారపడకూడదు. ఒకే మళ్లో తెల్లటి పువ్వు, గులాబీ పువ్వు పక్కపక్కనే ఉండొచ్చు. ఫోన్ కెమెరాతో పైనుంచి తీసిన ఫొటో ఈ విషయంలో పెద్దగా ఉపయోగపడదు. రక్షక పత్రాల వెనక వైపు కూడా ఒక ఫొటో తీస్తే, నూగు ఉందో లేదో తెలిసి, చూసేవాళ్లు ఏదో ఒకటి చెప్పగలుగుతారు.

పేరు మారుతూ వచ్చిన తీరు

హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే 1865లో ఈ మొక్కను లైనమ్ కంజెస్టమ్ అని వర్ణించాడు. అంటే ఆయన దృష్టిలో ఇది అవిసె ప్రజాతిలోదే. కీలాలు తక్కువగా ఉండటం, పూరేకుల అడుగున పొలుసులు ఉండటం గమనించి, ఇలాంటివాటిని లైనమ్ లోపలే హెస్పెరోలైనాన్ అనే ఒక విభాగంగా వేరు చేశాడు. 1860లలో కాలిఫోర్నియా భూగర్భ సర్వే బృందంతో కొండలన్నీ తిరిగిన విలియం బ్రూయర్ పేరు మీద కూడా ఈ గుంపులో ఒక జాతి ఉంది, హెస్పెరోలైనాన్ బ్రూయరీ. 1907లో జాన్ కంకెల్ స్మాల్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ విభాగాన్ని ప్రత్యేక ప్రజాతి స్థాయికి పెంచాడు. 1961లో హెలెన్ షార్స్‌మిత్ మొత్తం ప్రజాతి మీద సమగ్ర గ్రంథం రాసింది. ఇప్పటికీ ఈ మొక్కల మీద పనిచేసేవాళ్లు మొదట తెరిచేది దాన్నే. 2006లో ఓడొన్నెల్ అనే పరిశోధకులు ఇంకో కొత్త జాతిని వర్ణించి దానికి షార్స్‌మిత్ పేరే పెట్టారు. అలా జాతుల సంఖ్య 13కు చేరింది.

తర్వాత డీఎన్ఏ అధ్యయనాలు వచ్చి ఈ బొమ్మను కాస్త చెదరగొట్టాయి. వాటి ప్రకారం హెస్పెరోలైనాన్ అనేది లైనమ్ పక్కన నిలబడే గుంపు కాదు, లైనమ్ వంశవృక్షం లోపలే మొలిచిన ఒక కొమ్మ. పసుపు పూల లైనమ్ జాతులున్న శాఖలోంచి అది పుట్టింది. అలాంటప్పుడు లైనమ్‌ను ఒక ప్రజాతిగా, హెస్పెరోలైనాన్‌ను ఇంకో ప్రజాతిగా ఉంచడం వంశవృక్షం నియమాల ప్రకారం సరిపడదు. ఏసా గ్రే చేసినట్టు మళ్లీ లైనమ్‌లో కలిపేయవచ్చు. లేదా దాదాపు 200 జాతుల లైనమ్‌నే ముక్కలు చేయవచ్చు. ప్రస్తుతానికి కాలిఫోర్నియా వృక్షశాస్త్రం హెస్పెరోలైనాన్ పేరునే వాడుతోంది. నాకూ అదే సబబనిపిస్తుంది. ఈ 13 జాతులూ తమలో తాము ఒకే పూర్వీకం నుంచి వచ్చినవి, కంటికి కనిపించే లక్షణాలతో వేరు చేయదగ్గవి. పైగా చట్టంలో, జాబితాల్లో, నర్సరీ పత్రాల్లో పేరు మారితే ముందు ఇబ్బంది పడేది కొండ మీద కాపలా కాసే సిబ్బందే.

అదే డీఎన్ఏ ఇంకో సంగతి కూడా చెప్పింది. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఈ ప్రజాతిలోని జాతులు విడివడింది ప్లైస్టోసీన్ యుగంలో, అంటే గత 26 లక్షల ఏళ్లలోపే. భూమి లెక్కలో ఇది చాలా తక్కువ కాలం. ఒక్కో జాతికీ తేడా అంత సూక్ష్మంగా ఉండటానికి, మనకు భూతద్దం అవసరం కావడానికి కారణం ఇందులోనే ఉంది. అవి విడిపోయి ఎక్కువ కాలం కాలేదు.

రాయి, నేల, లోహాలు

ఇప్పుడు నేల సంగతి. కాలిఫోర్నియాలో సర్పెంటైన్ అనే పచ్చటి, నున్నటి రాయి ఉంది. భూమి పైపొర కింద ఉండే మాంటిల్ రాయికి నీరు తగిలి, రసాయనికంగా మారి ఇది ఏర్పడుతుంది. పసిఫిక్ సముద్రపు అడుగు ఖండం కిందికి చొచ్చుకుపోతున్న కోట్ల ఏళ్లలో ఆ రాళ్ల ముక్కలు తీరానికి అంటుకుపోయాయి. అందుకే సర్పెంటైన్ ఒక పెద్ద మైదానంలా పరుచుకుని ఉండదు. ఇక్కడొక కొండ, అక్కడొక గట్టు, మధ్యలో వేరే నేల. 1965లో కాలిఫోర్నియా దీన్ని తన రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది. కొన్ని రకాల సర్పెంటైన్‌లో ఆస్బెస్టాస్ ఉంటుందన్న కారణంతో 2010లో ఆ హోదా తీసేయాలని బిల్లు వచ్చింది, భూగర్భ శాస్త్రవేత్తలు గట్టిగా అడ్డుపడ్డారు, అది నిలబడలేదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్విన క్రిసోటైల్ ఆస్బెస్టాస్ కూడా సర్పెంటైన్ ఖనిజాల్లో ఒకటే. అయితే అక్కడ అది డోలమైట్ రాయిలో పుట్టింది, మాంటిల్ రాయిలోంచి కాదు. కాబట్టి కాలిఫోర్నియా కొండల్లాంటి నేల అక్కడ ఉంటుందనుకోకూడదు.

సర్పెంటైన్ మీద ఏర్పడే నేలలో మొక్కకు అన్నీ కష్టాలే. కాల్షియం తక్కువ, మెగ్నీషియం చాలా ఎక్కువ. మామూలు సాగు నేలలో ఇది తిరగబడి ఉంటుంది. మొక్క వేరు కాల్షియం కోసం వెతికితే మెగ్నీషియం తోసుకొస్తుంది. నికెల్, క్రోమియం, కోబాల్ట్ ఎక్కువగా ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ తక్కువే. నేల పొర పలచన, రాళ్లెక్కువ, నీరు నిలవదు. మన రైతుకు చూపిస్తే దీన్ని పొలం అనడు.

అయినా కాలిఫోర్నియా భూభాగంలో సుమారు 1 శాతం ఉన్న ఈ నేలలో, ఆ రాష్ట్రంలో తప్ప ఎక్కడా దొరకని మొక్కల్లో దాదాపు పదో వంతు బతుకుతున్నాయి. హెస్పెరోలైనాన్ 13 జాతుల్లో ఎక్కువ భాగం ఇలాంటి నేలల్లోనే ఉన్నాయి, ముఖ్యంగా లేక్, నాపా కౌంటీల చుట్టుపక్కల. చిన్న పూల మైక్రాంథమ్ ఒక్కటే ఆరెగాన్ నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా రకరకాల నేలల్లో తిరుగుతుంది.

నేల ముక్కలు ముక్కలుగా ఉండటం వల్ల మొక్కలు కూడా ముక్కలుగానే ఉన్నాయి. ఒక గట్టు మీది జనాభాకీ ఇంకో గట్టు మీది జనాభాకీ మధ్య కిలోమీటర్ల కొద్దీ పనికిరాని నేల. ఈ గింజకు గాలిలో ఎగిరే రెక్క లేదు, జంతువు ఒంటికి పట్టుకునే ముల్లు లేదు. తల్లి మొక్క దగ్గరే రాలుతుంది. అలా తరతరాలు ఎక్కడివక్కడే ఉండిపోతే వేరువేరు జాతులుగా విడిపోవడానికి వీలు దొరుకుతుంది. దగ్గర దగ్గర కౌంటీల్లో ఇన్ని జాతులు కిక్కిరిసి ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇష్టమా, దిక్కులేకనా?

మొదట్లో ‘ఇష్టం’ అనే మాట గురించి ఆగాం. సర్పెంటైన్ నేలలో మాత్రమే కనిపించే మొక్కను చూస్తే, దానికి నికెలో మెగ్నీషియమో కావాలేమో అనిపించడం సహజం. ఆర్థర్ క్రూకెబర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త 1950లలోనే సర్పెంటైన్ మొక్కల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ మొక్కల్లో చాలావాటిని మామూలు మట్టిలో ఒంటరిగా పెంచితే హాయిగా పెరుగుతాయి, కొన్నిసార్లు ఇంకా బలంగా కూడా. మరి బయట మామూలు నేలలో ఎందుకు కనిపించవు? అక్కడ వేరే మొక్కలు ఉన్నాయి కాబట్టి. ఏపుగా ఎదిగే గడ్డి నీడ కిందకి ఈ సన్నకాడ మొక్క వస్తే దానికి వెలుగు దొరకదు.

కాబట్టి విషయాన్ని ఇలా విడదీసి చూడాలి. సర్పెంటైన్ నేలను తట్టుకోవడం ఒక సంగతి. ఆ నేల అవసరం కావడం ఇంకో సంగతి. మారిన్ ఫ్లాక్స్‌కు మొదటిది ఉంది. రెండోది ఉన్నట్టు కనిపించేది, దాన్ని తొక్కేసే మొక్కలు ఆ నేలలోకి రాలేవు కనుక. తక్కువ కాల్షియంతో సర్దుకునే వేర్లు, నెమ్మదిగా పెరిగే శరీరం, చిన్న ఆకులు, తక్కువ గింజలు, ఇవన్నీ పేద నేలలో బతకడానికి ఇచ్చుకున్న మూల్యం. ఆ మూల్యం చెల్లించినవాటికి దక్కేది పోటీ లేని చోటు. బయటి నేలలో ఆ పొదుపంతా పరుగులో వెనకబడటంగా మారుతుంది.

పోటీ ఒక్కటే కాదు, రోగం విషయంలోనూ ఈ నేల ఆశ్రయమిస్తుందని తెలిసింది. అవిసె పంటకు తుప్పు తెగులు తెచ్చే శిలీంద్రం మెలాంప్సోరా లైనై. ఆకుల మీద నారింజ రంగు పొక్కులు వస్తాయి. గోధుమ తుప్పు తెగులుకు కారణమైన శిలీంద్రానికి తన జీవితచక్రం పూర్తి చేసుకోవడానికి రెండో రకం మొక్క కావాలి. అవిసె తుప్పుకు మాత్రం అవిసె కుటుంబంలోని ఒకే మొక్క చాలు. ఈ శిలీంద్రానికి విజ్ఞానశాస్త్ర చరిత్రలో పెద్ద స్థానం ఉంది. అమెరికాలోని నార్త్ డకోటాలో హెరాల్డ్ హెన్రీ ఫ్లోర్ 1940లలో దీని మీదే పనిచేసి, మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకూ శిలీంద్రంలో జోడీగా ఒక జన్యువు ఉంటుందని తేల్చాడు. ఇవాళ వరి, గోధుమ వంగడాల్లో తెగుళ్ల నిరోధకత గురించి మాట్లాడేవాళ్లందరికీ ఆ ఆలోచనే పునాది.

ఇదే తుప్పు హెస్పెరోలైనాన్ జాతులకూ సోకుతుంది. యూరీ స్ప్రింగర్ అనే పరిశోధకుడు 13 జాతులనూ వాటి సహజమైన చోట్లలో పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రచురించాడు. నేలలో కాల్షియం ఎంత తక్కువగా, అంటే సర్పెంటైన్ ఎంత కఠినంగా ఉంటే, అక్కడి మొక్కల్లో తుప్పు తెగులు అంత తక్కువగా కనిపించింది. వంశవృక్షం ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నా అదే తేలింది. ఇంకో ఆసక్తికరమైన విషయం, బాగా కఠినమైన సర్పెంటైన్‌ను తట్టుకునే శక్తి ఈ ప్రజాతిలో ఒక్కసారి పుట్టి పంచుకున్నది కాకపోవచ్చు, ఒకటికంటే ఎక్కువసార్లు విడివిడిగా పుట్టి ఉండొచ్చని కూడా ఆ పరిశీలన సూచించింది.

ఇది చదివినప్పుడు నాకు అనిపించింది, మనం నేలను అంచనా వేసే కొలతలన్నీ పంట కోసం కట్టుకున్నవే. ఒక కొండను చూసి నిస్సారం అన్నప్పుడు మనం చెబుతున్నది అక్కడ మన పంట పండదని మాత్రమే.

గాలిలోంచి పడే ఎరువు

ఇప్పుడు ముప్పు ఏమిటో తేలికగా అర్థమవుతుంది. ఇళ్లు, రోడ్లు కట్టడం వల్ల నేల పోవడం ఒక ముప్పు, అది అందరికీ తెలిసిందే. టిబురాన్ దగ్గరి రింగ్ మౌంటెన్, శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రెసిడియో, శాన్ మటేయో కౌంటీలోని క్రిస్టల్ స్ప్రింగ్స్ రిజర్వాయర్ పరిసరాలు, రెడ్‌వుడ్ సిటీ పక్కన ఎడ్జ్‌వుడ్, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగలిగే చోట్లే దీనికి మిగిలాయి. ఎడ్జ్‌వుడ్‌లో ఒకప్పుడు గోల్ఫ్ కోర్సు కట్టాలన్న ప్రతిపాదన ఉండేది. స్థానికులు ఏళ్ల తరబడి పోరాడాక 1993లో దాన్ని నేచురల్ ప్రిజర్వ్‌గా, అంటే ప్రకృతి రక్షిత ప్రాంతంగా, ప్రకటించారు.

కానీ కంచె వేసి కాపాడిన నేలలోకి కూడా ఇంకో ముప్పు వస్తుంది. అది గాలిలోంచి వస్తుంది. కార్ల పొగలోని నత్రజని సమ్మేళనాలు నేల మీద, ఆకుల మీద పేరుకుని చివరికి ఎరువుగా మారతాయి. స్టువర్ట్ వైస్ అనే పరిశోధకుడు 1999లో దీని మీద రాసిన పత్రంలో, దక్షిణ శాన్ హోసే దగ్గరి సర్పెంటైన్ గడ్డి నేలల మీద ఏడాదికి హెక్టారుకు 10 నుంచి 15 కిలోల నత్రజని పడుతోందని అంచనా వేశాడు. మన 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అంటే హెక్టారుకు అర బస్తా నుంచి ముప్పావు బస్తా. వరికి మనం వేసేదాంతో పోలిస్తే ఇదేమంత కాదు. కానీ అక్కడ ఎవరూ ఏ ఎరువూ వేయని నేల మీద, ఏటా, ఆగకుండా పడుతుంది.

ఫలితం ఏమిటంటే, ఇంతకాలం ఆ నేలలో నిలదొక్కుకోలేకపోయిన ఇటాలియన్ రైగ్రాస్ ఇప్పుడు నిలదొక్కుకుంటోంది. ఐరోపా నుంచి పశువుల మేతగా వచ్చిన గడ్డి ఇది. మెగ్నీషియం, నికెల్ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నత్రజని దొరికితే చాలు, మిగతావాటిని అది కొంతవరకు ఓర్చుకోగలదు. దట్టంగా పెరుగుతుంది, ఎండిపోయాక ఆ గడ్డి మందంగా నేల మీద పరుచుకుంటుంది. మరుసటి ఏడాది మొలవాల్సిన చిన్న గింజలకు ఆ పొర కింద వెలుగు అందదు. మారిన్ ఫ్లాక్స్ లాంటి మొక్కను ఎవరూ పీకనక్కర్లేదు, నేలను కొంచెం సారవంతం చేస్తే సరిపోతుంది.

ఎడ్జ్‌వుడ్‌ను ఆనుకుని ఇంటర్‌స్టేట్ 280 రహదారి వెళ్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోకీ శాన్ హోసేకీ మధ్య ఆఫీసులకు రోజూ తిరిగే మన తెలుగువాళ్లలో చాలామంది ఆ రోడ్డు మీదే వెళ్తారు. ఆ గట్టు పక్కనుంచే ఎన్నోసార్లు దాటి ఉంటారు. వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కారు పొగ అనగానే మనకు ఊపిరితిత్తులు, వాతావరణం గుర్తొస్తాయి. అది ఒక కొండకు ఎరువు వేస్తోందని, ఆ ఎరువే అక్కడి మొక్కలకు చేటు చేస్తోందని చాలామందికి తెలియదు. తెలిస్తే పట్టించుకుంటారనే నా నమ్మకం.

ఎడ్జ్‌వుడ్‌లో ఇదివరకే ఒక నష్టం జరిగింది. బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక సర్పెంటైన్ గడ్డి నేలల్లోని చిన్న మొక్కల మీదే ఆధారపడుతుంది. 1987లో దాన్ని ఫెడరల్ జాబితాలో చేర్చారు. రైగ్రాస్ కమ్ముకున్నాక ఎడ్జ్‌వుడ్‌లో అది 2000ల మొదట్లో కనుమరుగైంది, 2007 నుంచి వేరే చోటి నుంచి తెచ్చి మళ్లీ వదలడం మొదలుపెట్టారు. శాన్ హోసే దగ్గరి కొయోటీ రిడ్జ్‌లో మాత్రం పశువుల మేత కొనసాగడం వల్ల ఆ సీతాకోకచిలుక నిలబడింది. పశువులు ముందుగా పొడుగ్గా ఎదిగిన గడ్డినే మేస్తాయి, నేలబారు మొక్కలకు వెలుగు దక్కుతుంది. ప్రకృతిని కాపాడాలంటే పశువులను బయటికి తోలేయాలనే అభిప్రాయం ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడని విషయమే. పశువులను ఆపేసిన కొన్ని చోట్ల రైగ్రాస్ త్వరగా కమ్ముకుంది.

లెక్కపెట్టడంలోని చిక్కు

ఇంతకీ మారిన్ ఫ్లాక్స్ మొక్కలు ఎన్ని మిగిలాయి? ఈ ప్రశ్నకు ఒక అంకె చెప్పడం తేలిక, కానీ ఆ అంకెను నమ్మడం కష్టం. ఏకవార్షికాల సంఖ్య వానను బట్టి ఊగిసలాడుతుంది. మంచి వానలు పడిన ఏడాది ఒక గట్టు నిండా పూలుంటే, కరువు ఏడాది అదే గట్టు మీద కొద్ది మొక్కలే కనిపించవచ్చు. ఒక్క ఏడాది చూసి పెరిగిందనో, అంతరించిపోతోందనో చెప్పేస్తే పొరపాటవుతుంది. చాలా ఏళ్లు, ఒకే చోట, ఒకే పద్ధతిలో లెక్కపెట్టాలి. దానికి ఓపికా డబ్బూ రెండూ కావాలి. ఈ పనిలో చాలాచోట్ల స్థానిక వాలంటీర్లే ముందుంటున్నారు.

చట్టం విషయంలో కూడా ఒక సంగతి తెలియాలి. అమెరికా అంతరించే జాతుల చట్టం 1973లో వచ్చింది. దాని కింద జంతువుకు ప్రైవేటు భూమిలోనూ రక్షణ ఉంటుంది. మొక్కకు మాత్రం ప్రైవేటు భూమిలో ఆ స్థాయి రక్షణ లేదు, ఫెడరల్ అనుమతులతోనో నిధులతోనో ముడిపడిన పనులప్పుడే చట్టం గట్టిగా అడ్డుపడుతుంది. అందుకే పార్కుల్లో, ప్రభుత్వ నేలల్లో ఉన్న కొద్ది గట్లకు అంత విలువ.

ఆ గట్లను చూసుకునేవాళ్ల ముందు ఇప్పుడున్నది తేదీల సమస్య. రైగ్రాస్‌ను అదుపు చేయడానికి ఎడ్జ్‌వుడ్‌లో రోడ్డు వైపు నేలలో గడ్డి కోస్తారు. రైగ్రాస్ పూతకు వచ్చి, గింజ పాలు పోసుకునే లోపు కోస్తేనే ఫలితం. చాలా స్థానిక మొక్కలు అప్పటికే పూసి గింజ రాల్చేసి ఉంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. మారిన్ ఫ్లాక్స్ మాత్రం ఆలస్యంగా, మే నెల తర్వాత కూడా పూస్తుంది. దాన్ని కాపాడాలంటే కోత ఎత్తు పెంచాలి, లేదా అది ఉన్నచోట చేత్తో గడ్డి తీయాలి, లేదా అది ఇంకా చిన్నగా ఉన్నప్పుడే తొందరగా కోసేయాలి. తొందరపడి కోస్తే రైగ్రాస్ మళ్లీ పిలకలు వేస్తుంది, ఆలస్యం చేస్తే ఫ్లాక్స్ మొగ్గలు కూడా గడ్డితోపాటే తెగిపోతాయి. వాన ముందొస్తే రెండూ ముందుకు జరుగుతాయి, వెనక్కిపోతే రెండూ వెనక్కిపోతాయి. అందుకని ఏ వారంలో కోయాలన్నది ప్రతి వసంతంలో ఆ గట్టు మీదికి వెళ్లి, రెండు మొక్కలనూ దగ్గరగా చూసి తేల్చుకోవాల్సిందే.